డయాలసిస్ ఇంట్లో పాలు, పాయ, రాగి జావ

నల్గొండ వైపు ఎవరైనా "బొక్కలు నొస్తున్నయి" అంటే చాలు, "నీళ్ళ వల్లనే" అంటారు. తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన జిల్లా మరి! వెంటనే సలహాలు కూడా వస్తాయి. "రెండు పూటలా పాలియ్యి వదినా", "రాగి జావ తాపు", "పాయ వండిపెట్టు". మామూలు మనిషికి ఇవి బలమే. ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉంటే మాత్రం కాస్త ఆగండి.

ఎందుకంటారా? మనం తినే భాస్వరంలో ఎక్కువైనదాన్ని బయటికి పంపేవి కిడ్నీలే. రిపోర్టులో ఫాస్ఫరస్ అని రాసేది దీన్నే. కిడ్నీలు పాడైతే అది రక్తంలో పేరుకుంటుంది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగేస్తాయి. ఎముకలు గుల్లబారతాయి, ఒళ్ళంతా దురద పుడుతుంది. కాల్షియం రక్తనాళాల్లో, గుండె కవాటాల్లో గడ్డకడుతుంది. నొప్పి ఫ్లోరైడ్‌దా, భాస్వరానిదా అన్నది రక్తపరీక్షలు చూసి డాక్టరు తేల్చాలి. మనం ఊహించుకోకూడదు.

"వారానికి మూడుసార్లు డయాలసిస్ అవుతోందిగా" అనుకోకండి. నాలుగు గంటల డయాలసిస్‌లో పోయే భాస్వరం 800 నుంచి 1000 మిల్లీగ్రాములు. ఒక్కరోజు తిండిలోనే దాదాపు అంత ఉంటుంది!

అందుకే డాక్టరు భాస్వరాన్ని పట్టే గోలీ రాస్తారు. కాల్షియం అసిటేట్, సెవెలమర్ అలాంటివే. ఇది తిండిలోని భాస్వరాన్ని పేగుల్లోనే పట్టి, మలంతో పంపేస్తుంది. కాబట్టి అన్నంతోపాటే వేసుకోవాలి. తిన్న రెండు గంటలకు వేసుకుంటే పట్టుకోవడానికి ఏముంటుంది? కంచం పక్కనే గోలీ పెట్టడం అలవాటు చేసుకోండి. వేరే కాల్షియం మాత్రలు, విటమిన్ డి సొంతంగా మొదలుపెట్టవద్దు.

వంటింట్లో ఇవి గుర్తుంచుకోండి:

• పాలు, పెరుగు డాక్టరు చెప్పిన కొలతకు మించకూడదు. పాయ, ఎండుచేపలు, కోవా, పల్లీలు తగ్గించండి.

• జావ తాగితే అది కూడా ఆ రోజు నీళ్ళ లెక్కలోకే వస్తుంది.

• జొన్నరొట్టె పూర్తిగా మానక్కర్లేదు. గింజల్లోని భాస్వరం కొంతే ఒంటికి పడుతుంది. ప్యాకెట్ సరుకుల్లో కలిపేది మాత్రం దాదాపు అంతా పడుతుంది. నల్లటి కూల్‌డ్రింకులు అసలే వద్దు.

• పప్పు ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేయండి. అలాగని పప్పు, మాంసం పూర్తిగా ఆపితే మనిషి నీరసించిపోతారు. 50 కిలోల మనిషికి రోజుకు 50-60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో తెల్లసొన మేలు, పచ్చసొన తీసేయండి.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం కింద డయాలసిస్ ఉచితంగా చేస్తున్నారు. ఆస్పత్రి పని వారానికి పన్నెండు గంటలే. మిగిలిన గంటలన్నీ మన వంటింటి చేతిలోనే ఉన్నాయి.