చిన్న ఖర్చులకు ఏ క్రెడిట్ కార్డు గిట్టుబాటు?

క్రెడిట్ కార్డు ఒకప్పుడు సంపన్నుల జేబుకే పరిమితం. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైన ఆంధ్రా బ్యాంకు 1981లోనే వీటిని ప్రవేశపెట్టినప్పటికీ, సామాన్యుల దాకా రావడానికి చాలా కాలమే పట్టింది. ఇప్పుడు వేతన జీవులను ఆకర్షించేందుకు బ్యాంకులు క్యాష్‌బ్యాక్ ఎర చూపుతున్నాయి. కొన్నదానిలో కొంత శాతం వెనక్కి ఇస్తామన్నది వాటి వాగ్దానం. నెలకు పదివేల రూపాయలకు మించి కొనని కుటుంబానికి ఇందులో దక్కేదెంత?

ఒక శాతం చొప్పున నెలకు 100, ఏడాదికి 1,200 రూపాయలు తిరిగి వస్తాయి. కార్డు వార్షిక రుసుము 999 రూపాయలైతే 18 శాతం జీఎస్టీతో కలిపి 1,179 అవుతుంది. ఏడాది పొడవునా కార్డు వాడినందుకు మిగిలేది 21 రూపాయలే! రుసుము లేని కార్డయితే 1,200 రూపాయలూ చేతికందుతాయి.

అయితే ఆన్‌లైన్ కొనుగోళ్లకు 5 శాతం ఇచ్చే కార్డుల విషయంలో లెక్క మారుతుంది. పదివేలలో నాలుగు వేలు ఆన్‌లైన్‌లో ఖర్చు చేసేవారికి ఏటా 3,120 రూపాయలు వస్తాయి. రుసుము పోను 1,941 మిగులుతాయి. ఆన్‌లైన్ ఖర్చు నెలకు సుమారు 2,500 దాటితేనే రుసుము గల కార్డు మేలన్న మాట. ఏడాదికి రెండు లక్షలు వాడితే రుసుము మాఫీ అన్న షరతును నమ్ముకుని, అవసరం లేని 80 వేల రూపాయల వస్తువులు కొనడం తెలివితక్కువ పని. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్లలో జమ వంటి వాటికి చాలా కార్డులు క్యాష్‌బ్యాక్ ఇవ్వవు. నెలవారీ గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది.

అసలు ప్రమాదం వడ్డీతోనే. నెలకు 3.5 శాతం వడ్డీ పడే కార్డుపై పదివేల బాకీని ఒక్క నెల మోస్తే జీఎస్టీతో సహా 413 రూపాయలు చెల్లించాలి. నాలుగు నెలల క్యాష్‌బ్యాక్ దానికే చాలదు. కనీస మొత్తం చెల్లిస్తే ఆలస్య రుసుము తప్పుతుందే గానీ వడ్డీ తప్పదు. ఏటా 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయరాదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. బాకీ పెట్టే అలవాటున్న వారికి ఏ క్యాష్‌బ్యాక్ కార్డూ లాభసాటి కాదు.

కోరకుండా కార్డు అంటగట్టడాన్ని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ ఆదేశాల్లో నిషేధించింది. బాకీ లేని ఖాతాదారు కోరితే ఏడు పనిదినాల్లో కార్డును రద్దు చేయాలని, లేకుంటే రోజుకు 500 రూపాయల చొప్పున అతనికి చెల్లించాలని అందులో స్పష్టం చేసింది.