ప్లాటినం లేని ఉత్ప్రేరకానికై అన్వేషణ

న్యూఢిల్లీ: ఢిల్లీ ఐఐటీకి ఆనుకుని ఉన్న జియా సరాయ్ ఇరుకు సందుల్లో పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ కేంద్రాలు, నెట్, గేట్ శిక్షణ బోర్డులు అడుగడుగునా దర్శనమిస్తాయి. ఇక్కడి రసాయనశాస్త్ర అభ్యర్థులు వల్లెవేసే పాఠాల్లో ఉత్ప్రేరకం ఒకటి. తాను ఖర్చుకాకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థమిది. దేశ ఇంధన ప్రణాళికలో ఒక ప్రధాన భాగం నేడు ఈ పదార్థం ధరపైనే ఆధారపడి ఉంది.

రూ.19,744 కోట్ల జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను కేంద్ర మంత్రివర్గం 2023 జనవరిలో ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి సామర్థ్యం లక్ష్యం. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసే ఈ హైడ్రోజన్ ఎరువులు, ఉక్కు, చమురుశుద్ధి కర్మాగారాలకు అవసరం.

చిక్కల్లా యంత్రాల్లోనే ఉంది. ఎండకు, గాలికి తగినట్లు హెచ్చుతగ్గులయ్యే విద్యుత్తును చక్కగా తట్టుకునే ఆమ్ల పొర యంత్రాలకు ప్లాటినం, ఇరిడియం కావాలి. ప్రపంచమంతటా ఏటా లభించే ఇరిడియం ఏడెనిమిది టన్నులే. అందులో అత్యధిక భాగం దక్షిణాఫ్రికాదే. 2021లో దాని ధర బంగారానికి మూడు రెట్లు మించింది.

విలువైన లోహాల ప్రమేయం లేని క్షార పద్ధతి కొత్తదేమీ కాదు. భాక్రా జలవిద్యుత్తుతో నంగల్ ఎరువుల కర్మాగారం 1960 దశకంలోనే నీటి నుంచి హైడ్రోజన్ తీసింది. ఈ పద్ధతిలో నికెల్ సరిపోతుంది. అయితే యంత్రాల పరిమాణం పెద్దది. విద్యుత్తు ఒడిదుడుకులకు త్వరగా స్పందించలేవు.

ఆమ్లంలో ఇనుము, నికెల్ కరిగిపోవడం శాస్త్రజ్ఞులకు ఎదురవుతున్న ప్రధాన అవరోధం. హైడ్రోజన్ వెలువడే వైపు ప్లాటినంకు బదులు మాలిబ్డినం సల్ఫైడ్‌ను పరీక్షిస్తున్నారు. హైడ్రోజన్‌ను తిరిగి విద్యుత్తుగా మార్చే ఇంధన ఘటాల్లో ఇనుము, నత్రజని, కర్బన సమ్మేళనాలను ప్రయత్నిస్తున్నారు. అటువంటి ఘటాల్లో ప్లాటినం స్థానంలో కోబాల్ట్ సమ్మేళనం పనిచేయగలదని 1964లోనే వెల్లడైంది. ఆరు దశాబ్దాలు గడిచినా ప్లాటినం స్థానం చెక్కుచెదరకపోవడానికి మన్నిక లోపమే ముఖ్య కారణం. ప్రయోగశాలలో కొన్ని వందల గంటలు నిలిచిన ఉత్ప్రేరకం కర్మాగారంలో పదివేల గంటలకు పైగా పనిచేయవలసి ఉంటుంది.

క్షార ద్రావణానికి పలుచని పొరను జోడించి, ఇనుము, నికెల్‌లతోనే పని సాధించే మూడవ మార్గంపై ఇప్పుడు ఆశలున్నాయి. అక్కడ లోహం చౌకే గాని, పొర మన్నికే ప్రశ్న.

జియా సరాయ్‌లో చదివి నెట్ ఫెలోషిప్ సాధించే అభ్యర్థులు చేరేది ఇటువంటి పరిశోధనశాలల్లోనే. చౌక లోహాన్ని కనుగొనడంతో వారి పని ముగియదు. అది ఏళ్ల తరబడి అరగకుండా నిలిచేలా చూడటమే అసలు పరీక్ష.