మూడు నెలలు, ఒక నెల, మధ్యలో గడువు లేని ఫైలు

2018 నవంబర్ చివర్లో గుజరాత్‌లోని వీరావల్ నుంచి వేటకెళ్లిన బోట్లు కొన్ని పాకిస్తాన్ సముద్ర భద్రతా దళాలకు చిక్కాయి. వాటిలో ఉన్న తెలుగువాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులే. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి ఏటా వీరావల్‌కు వలసపోయే కుటుంబాలవాళ్లు. కరాచీ జైల్లో దాదాపు 13 నెలలు గడిపాక, 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమాకు మూలం ఈ ఉదంతమే. సినిమాకు ప్రేమకథ కావాలి, తప్పులేదు. ఇక్కడ మాత్రం ఫైలు కథ చెప్పుకుందాం. ఒక దేశం తన విదేశాంగ పనిని ఎలా నడుపుతుందో జాలరి ఇంటికి అర్థమయ్యేది ఆ ఫైలు దగ్గరే.

విదేశీ వ్యవహారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితా, 10వ అంశం. చేపలవేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. అయితే తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే అదే వేట కేంద్ర జాబితాలో 57వ అంశం కిందికి వెళ్తుంది. వల మారదు, మనిషీ మారడు, ప్రభుత్వం మారిపోతుంది. పొరుగుదేశం పట్టుకుపోతే రాష్ట్ర ముఖ్యమంత్రి అయినా ఢిల్లీకి లేఖ రాయాల్సిందే. నేరుగా ఇస్లామాబాద్‌తో మాట్లాడే దారి లేదు.

ఆ ఢిల్లీ చేతిలో ఉన్న బలం ఎంత? 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో విదేశాంగ శాఖ వాటా 20,516 కోట్లు. నూరు రూపాయల్లో నలభై పైసలన్నమాట. అందులోనూ పావు వంతుకు పైగా, అంటే 5,483 కోట్లు, భూటాన్ లాంటి దేశాలకు ఇచ్చే సాయానికే పోతుంది. ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) అధికారుల సంఖ్య వెయ్యికి కాస్త అటూ ఇటూ. వీళ్లే ప్రపంచమంతటా రెండు వందలకు పైగా రాయబార, కాన్సులర్ కార్యాలయాలను నడపాలి.

పాకిస్తాన్ దగ్గరికొచ్చేసరికి లెక్క ఇంకా చిన్నది. కరాచీలో మన కాన్సులేట్ 1994లోనే మూతపడింది. జాలర్లు ఉండే జైలు కరాచీలో, వాళ్లను చూడాల్సిన అధికారులు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఇస్లామాబాద్‌లో. 2019 ఆగస్టులో పాకిస్తాన్ మన హైకమిషనర్‌ను పంపించేసింది. మనవాళ్లు జైల్లో ఉన్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పటికింకా హైకమిషన్ సిబ్బంది పరిమితి 110. 2020 జూన్‌లో దాన్ని 55కు, 2025లో పహల్గామ్ దాడి తర్వాత 30కి దించారు. ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్‌కూ ఇదే లెక్క.

ఇక అసలు ఒప్పందం. 2008 మే 21న రెండు దేశాలు కాన్సులర్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. పట్టుబడిన మనిషిని మూడు నెలల్లోగా మన అధికారులను కలవనివ్వాలి. జాతీయత ఖరారై, శిక్ష పూర్తయితే నెలలోగా పంపేయాలి. మరి జాతీయత ఎన్నాళ్లలో ఖరారు కావాలి? దానికి గడువు రాయలేదు. పదమూడు నెలల్లో ఎక్కువ భాగం ఆ ఖాళీలోనే ఇమిడిపోగలదు.

వేటకు వెళ్లేవాడి దగ్గర పాస్‌పోర్టు ఉండదు. కాబట్టి జైల్లో చెప్పిన పేరు, తండ్రి పేరు, ఊరు ఇస్లామాబాద్ నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి రాష్ట్రానికి, జిల్లాకు, చివరికి ఊళ్లో విచారించే పోలీసుకు చేరాలి. ఆయన ‘అవును, ఇతను మావాడే’ అని రాసిన కాగితం మళ్లీ అన్ని మెట్లూ ఎక్కాలి. విదేశాంగ విధానమంటే పెద్ద నాయకుల కరచాలనాలే అనుకుంటాం కానీ, ఈ కేసుల్లో దాని చివరి గుమాస్తా మండలంలోనే కూర్చుని ఉంటాడు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా చాలదు. 2019 ఏప్రిల్‌లో, పుల్వామా ఉద్రిక్తత చల్లారుతుండగా, పాకిస్తాన్ సుహృద్భావం పేరిట 360 మంది భారతీయుల విడుదలను ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది జాలర్లే. మన 20 మందికి అప్పుడు అవకాశం రాలేదు. 2020 జనవరి 1 జాబితాలో పాకిస్తాన్ చూపిన భారత మత్స్యకారులు 227 మంది. మనవాళ్లు వాఘా చేరింది దానికి అయిదు రోజుల తర్వాత. రాష్ట్ర మంత్రి మోపిదేవి వెంకటరమణ సరిహద్దు దగ్గర ఎదురెళ్లారు, ముఖ్యమంత్రి జగన్ తలా 5 లక్షల రూపాయల సాయం ఇచ్చారు. విదేశాంగం రాష్ట్రానిది కాకపోయినా ఆసరా ఖర్చు రాష్ట్రానిదే.

2014 నుంచి 2025 జులై వరకు పాకిస్తాన్ నుంచి తిరిగొచ్చిన మన మత్స్యకారులు 2,661 మంది. చిన్న సంఖ్య కాదు. కానీ అదే జులై 1న పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో ఇంకా 193 మంది జాలర్లున్నారు. జాలర్లు కాని ఖైదీలనూ కలుపుకుని శిక్ష పూర్తయిన 159 మందిని వెంటనే పంపమని, మన అధికారులు అప్పటివరకు కలవలేకపోయిన 26 మందిని చూడనివ్వమని భారత్ అడిగింది. నెల గడువు, మూడు నెలల గడువు రెండూ కాగితం మీదే ఆగిపోతున్నాయని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. ఇలాంటి కేసులు చూడాల్సిన రిటైర్డ్ జడ్జీల ఉమ్మడి కమిటీ చివరిసారి కూర్చున్నది 2013 అక్టోబర్‌లో.

కమిటీని కూర్చోబెట్టడం మన చేతిలో లేదు. మధ్యలోని గడువు లేని భాగాన్ని కుదించడం మాత్రం ఉంది. వీరావల్ బోటు రిజిస్ట్రేషన్ గుజరాత్ మత్స్యశాఖ దగ్గర ఉంటుంది, అందులో పనిచేసే మనిషి రేషన్ కార్డు శ్రీకాకుళంలో ఉంటుంది. బోటు కదిలేటప్పుడే అందులోని వాళ్ల పేర్లు, వేలిముద్రలు, ఊళ్లు రెండు రాష్ట్రాల దగ్గరా ఉంటే, జైలు నుంచి పేరు వచ్చిన రోజే జవాబు పంపొచ్చు. దీనికి విదేశాంగ శాఖ అనుమతి అక్కర్లేదు, రెండు మత్స్యశాఖల మధ్య ఒక అవగాహన చాలు.