ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆఫీస్ సర్వర్ ఓపెన్ చేస్తున్నారా? రూటర్‌లో ఆ పోర్ట్ ఒకసారి చూసుకోండి!

నంద్యాలలో రైస్ మిల్లు ఆఫీసు, ఆళ్లగడ్డలో బ్రాంచ్ ఉందనుకుందాం. మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు. బిల్లులు, స్టాక్, ట్యాలీ అన్నీ నంద్యాల సర్వర్‌లోనే ఉంటాయి. ఆళ్లగడ్డలో అకౌంటెంట్ రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ అయి పని చేసుకుంటారు. ఇలా చాలామంది వాడుకునే సర్వర్‌నే టెర్మినల్ సర్వర్ అంటారు. మరి ఆ దారి ఇంకెవరికి తెరిచి ఉంది?

పోర్ట్ అంటే సర్వర్‌కి ఉన్న తలుపు నంబర్. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ది 3389. సెటప్ చేసినవాళ్లు రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ ఆన్ చేసి వెళ్లిపోతారు. పని నడుస్తుంది. కానీ తలుపు తెరుచుకున్నది ఆళ్లగడ్డకి ఒక్కదానికే కాదు, మొత్తం ప్రపంచానికి. ఇలాంటి పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో రాత్రీపగలూ స్కానింగ్ ప్రోగ్రామ్‌లు తిరుగుతూనే ఉంటాయి. దొరికిందా.. అడ్మినిస్ట్రేటర్ పేరుతో వేల పాస్‌వర్డులు కొట్టి చూస్తాయి. ఒక్కటి తగిలితే చాలు, ఏళ్ల లెక్కలన్నీ లాక్. తీయాలంటే డబ్బులు కట్టమంటారు!

మనదాకా రాదులే అనుకోవద్దు. 2017 మేలో వనాక్రై రాన్సమ్‌వేర్ ఏపీ పోలీసు కంప్యూటర్లకీ తగిలింది. అది వచ్చింది 445 పోర్ట్ ద్వారా. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే ఇచ్చింది. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లొచ్చు! ఎంత సీరియస్ అంటే, ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ విడుదల చేసింది.

మరి ఏం చేయాలి?

చాలామంది 3389 తీసేసి వేరే నంబర్ పెడతారు. అది ఇంటి నంబర్ మార్చడం లాంటిదే, తాళం వేసినట్టు కాదు. స్కానర్లు అన్ని నంబర్లూ చూస్తాయి. ఆళ్లగడ్డ ఐపీ అడ్రస్‌కే పర్మిషన్ ఇవ్వొచ్చు కానీ, మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీ మారుతూ ఉంటుంది. స్టాటిక్ ఐపీ తీసుకుంటేనే ఈ పద్ధతి పనికొస్తుంది.

వీటన్నిటికంటే వీపీఎన్ మేలు. ముందు వీపీఎన్‌లోకి లాగిన్ అవ్వాలి, ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్. రూటర్‌లో 3389 ఫార్వార్డింగ్ పూర్తిగా తీసేయాలి. ఇది మర్చిపోతే వీపీఎన్ పెట్టీ ప్రయోజనం లేదు. సర్వర్‌లో నెట్‌వర్క్ లెవల్ అథెంటికేషన్ ఆన్‌లో ఉండాలి. కొన్నిసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే అకౌంట్ లాక్ అయ్యేలా సెట్ చేయాలి. అందరూ ఒకే అడ్మినిస్ట్రేటర్ లాగిన్ వాడే అలవాటు మానాలి. అకౌంటెంట్‌కి ట్యాలీ ఓపెన్ చేసే హక్కు ఉంటే సరిపోతుంది. పని మానేసినవాళ్ల లాగిన్ అదే రోజు తీసేయాలి. బ్యాకప్ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో తీసి, కేబుల్ పీకేసి పక్కన పెట్టుకోవాలి. సర్వర్‌కే తగిలించి ఉంచితే అదీ లాక్ అవుతుంది.

తలుపు తెరిచి ఉందో లేదో ఫోన్‌లోనే చూడొచ్చు. వైఫై, వీపీఎన్ ఆఫ్ చేసి, మొబైల్ డేటా మీద రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌లో ఆఫీస్ పబ్లిక్ ఐపీ కొట్టండి. నంబర్ మార్చి ఉంటే అదీ చేర్చండి. కనెక్ట్ అయి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగిందంటే రూటర్‌లో ఆ పోర్ట్ ఇంకా తెరిచే ఉన్నట్టు.