తక్కువ నత్రజనితో మంచి కొర్ర పంట

ఎరువు ఎక్కువ వేసినకొలది పంట ఎక్కువ వచ్చునని చాలమంది రైతుల నమ్మకము. నీటి వసతి గల మాగాణిలో ఇది కొంతవరకు నిజము కావచ్చును. అనంతపురము మెట్ట ఎర్రనేలలలో మాత్రము ఈ లెక్క తరచు తప్పును. ఇచ్చట ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అదియు వరుసగా పడదు. నేలలో పదును లేనప్పుడు వేసిన యూరియా పైరుకు అందదు. దాని ఖర్చు మాత్రము రైతు మీద పడును. కావున మెట్ట రైతు ఎరువును చూచుటకు ముందు పదును చూడవలెను.

నత్రజని ఎట్లు నష్టమగును?

నేలపై చల్లి వదలిన యూరియా కొద్దిపాటి తడికి కరగి, నత్రజనిలో కొంత అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలియును. నేలలో మిగిలినది సూక్ష్మజీవుల వలన నైట్రేటుగా మారును. పెద్దవాన కురిసినచో తేలికపాటి ఎర్రనేలలలో ఈ నైట్రేటు నీటితోపాటు వేళ్లకు అందని లోతునకు దిగిపోవును.

మరియొక నష్టము కూడ కలదు. తొలిదశలో నత్రజని ఎక్కువైన పైరు ఆకు ఏపుగా పెంచి, నేలలోని తడిని త్వరగా పీల్చివేయును. వెన్ను వేయు సమయమున బెట్ట వచ్చినచో గింజ నిండక తాలు మిగులును. చేను పచ్చగా కనిపించినంత మాత్రమున గాదె నిండదు.

వేరుసెనగ మేలు చేనికి దక్కవలెను

వేరుసెనగ వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరుకు అందించును. అందువలన ఏటా అదే చేనిలో వేరుసెనగ వేయక, మరుసటి సంవత్సరము కొర్ర లేక జొన్న వేయుట మంచిది. అయితే ఒక సంగతి మరువరాదు. మనము వేరుసెనగను వేళ్లతో పెరికి, కాయ కోసికొని, కట్టెను పశువులకు వేయుదుము. నత్రజనిలో చాల భాగము ఆ కట్టెతోనే చేను దాటిపోవును. అది పేడగా, మూత్రముగా మారి తిరిగి చేనికి చేరినప్పుడే మేలు పూర్తియగును.

పేడను ఎండలో దిబ్బగా వదలిన నత్రజని గాలిపాలగును. దిబ్బ వద్ద ముక్కుకు తగులు ఘాటు వాసన ఈ నష్టమునకు గుర్తు. నీడపట్టున గుంట త్రవ్వి, పశువుల మూత్రము పీల్చిన చెత్తను పేడతో కలిపి పొరలుగా వేసి, పైన మట్టితో కప్పవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక టన్నులో సుమారు 5 కిలోల నత్రజని ఉండును. ఇందులో కొంత భాగమే మొదటి పైరుకు అందినను, మిగిలినది తరువాతి పైర్లకు ఉపయోగపడును. నేల తడిని పట్టుకొను శక్తియు పెరుగును. ఎరువు చాలని వారు గొర్రెల మందను చేనిలో పెట్టించి, వెంటనే గుంటక తోలవలెను.

ఐదు సాళ్లు కొర్రకు ఒక సాలు కంది వేసినచో కంది ఆకు రాలి నేలకు బలమిచ్చును. కొర్ర కోతకు వచ్చిన తరువాత కూడ కంది చేనిలో నిలిచి, వెనుకటి వానలను వాడుకొనును.

యూరియా ఎప్పుడు, ఎంత?

కొర్రకు విత్తు సమయమున ఎకరాకు 8 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరము చాలును. ఇందుకు సుమారు 17 కిలోల యూరియా, 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు కావలెను. ఎరువు విత్తనమునకు తగులక, తడి మట్టిలో పడునట్లు చూడవలెను.

మూడు నాలుగు వారములకు మరియొక 8 కిలోల నత్రజని పైపాటుగా వేయుట సిఫారసు. దీనిని తేదీ చూచి గాక, వాన చూచి వేయవలెను. కలుపు తీసి, మంచి వాన పడిన తరువాత సాళ్ల వెంట వేసి, దంతెతో మట్టిలో కలుపవలెను. పదును లేనిచో ఆగుడు. వెన్ను వేయు వరకు వాన రానిచో ఆ యూరియాను వేయకుండుటయే లాభము.

శాస్త్రజ్ఞుల ప్రయత్నము

నత్రజని నష్టము గోధుమ పండించు దేశములకు కూడ పెద్ద సమస్యయే. జపాను, మెక్సికో దేశములలోని అంతర్జాతీయ పరిశోధనా కేంద్రముల శాస్త్రజ్ఞులు ఒక అడవి గడ్డిలోని గుణమును గోధుమకు చేర్చి, ఆ ఫలితములను 2021లో ప్రకటించిరి. ఈ గోధుమ వేళ్ల నుండి ఊరు పదార్థము నత్రజని నైట్రేటుగా మారుటను మందగింపజేయును. ఇట్టి గుణము మన జొన్న వేళ్లలోను కలదు. యూరియాకు వేపనూనె పూత పూయుటలోని ఉద్దేశమును ఇదియే.

మీ చేనిలోనే చూడుడు

ఈ మాటను విని నమ్మనక్కరలేదు. చేనిలో ఒకే రకపు నేలలో ఐదేసి సెంట్ల పట్టీలు రెండు గుర్తింపుడు. రెండింటికిని విత్తనము, పశువుల ఎరువు, అంతరకృషి సమానముగా ఉండవలెను. ఒకదానికి మీకు అలవాటైనంత యూరియా, రెండవదానికి పైన తెలిపిన విధముగా వేయుడు. కోసిన తరువాత గింజలను వేరువేరుగా తూచి, ఎరువుల ఖర్చు తీసివేసి లెక్క చూడుడు. గ్రామోద్యోగులు ఇట్టి పట్టీలను ఊరికి రెండు మూడు చోట్ల వేయించి, తూకము నాడు ఇరుగుపొరుగు రైతులను పిలిపించినచో, అందరికిని విషయము కంటితో చూచి తెలిసికొను వీలు కలుగును.