బీమూ పిల్లరూ కలిసేచోట

మీ వీధిలోనో, పక్క వీధిలోనో కొత్త భవనం ఒకటి లేస్తూనే ఉంటుంది. స్లాబు పోయబోయే ముందురోజు, బడినుంచి వస్తూ ఒక్క నిమిషం ఆగి చూడండి. పిల్లరు ఊచలు కిందినుంచి నిటారుగా పైకి లేచి ఉంటాయి. బీము ఊచలు నాలుగు దిక్కులనుంచీ వచ్చి వాటి సందుల్లోంచి దూరిపోతుంటాయి. ఈ రెండూ కలిసే కూడలిలో వేలు దూర్చడానికైనా చోటుండదు. సంతరోజు బస్టాండు లాగా కిక్కిరిసి ఉంటుందన్నమాట!

ఇంత రద్దీగా ఉన్న ఈ చోటు ఇంజనీరుగారి కంప్యూటరులో ఎలా ఉంటుందో తెలుసా? ఒక చుక్క. అంతే!

భవనం కట్టకముందే అది గాలికీ భూకంపానికీ ఎంత ఊగుతుందో, ఏ బీము మీద ఎంత బరువు పడుతుందో లెక్క కట్టాలి గదా. పూర్వం ఈ లెక్కలు చేత్తోనే చేసేవారు. 1970లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ విల్సన్ అనే ఆచార్యుడు ఇందుకోసం 'శాప్' అనే కంప్యూటరు ప్రోగ్రాము తయారుచేశాడు. ఇలాంటి ప్రోగ్రాములలో మామూలుగా పిల్లరు ఒక గీత, బీము ఒక గీత. గీతలు కలిసేచోట చుక్క. మీ జ్యామితి పుస్తకంలో చెప్పినట్లే ఆ చుక్కకు పొడవూ లేదు, వెడల్పూ లేదు.

కాని పిల్లరు అర మీటరు వెడల్పుంటే, అసలు కూడలీ అర మీటరు ఉంటుంది. 'ఆమాత్రానికే ఏమవుతుందిలే' అంటారా? ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. సగం బల్ల మీద ఉంచి గట్టిగా అదిమిపట్టండి. బల్ల అంచునుంచి 20 సెంటీమీటర్ల దూరాన దారంతో చిన్న బరువు వేలాడదీసి, స్కేలు ఎంత కిందికి వంగిందో కొలవండి. ఇప్పుడు స్కేలును లోపలికి జరిపి ఆ దూరాన్ని 17.5 సెంటీమీటర్లు చేయండి. పొడవు తగ్గింది ఎనిమిదోవంతే. వంపు మాత్రం సుమారు మూడోవంతు తగ్గిపోతుంది! ఈ వంపు పొడవు యొక్క ఘనాన్ని బట్టి మారుతుంది. 17.5ను 20తో భాగించి, వచ్చిన దాన్ని ఘనం చేసి చూడండి, 0.67 వస్తుంది.

భవనంలోనూ ఇదే సంగతి. రెండు చుక్కల మధ్య దూరం 4 మీటర్లయితే, ఒక్కొక్క చివర పావు మీటరు చొప్పున పిల్లరులోనే ఉండిపోతుంది. విడిగా ఉన్న బీము 3.5 మీటర్లే. ఈ సంగతి చెప్పకపోతే కంప్యూటరు మొత్తం 4 మీటర్లూ వంగుతుందనుకుంటుంది. అందుకని 'ఆ చివరి ముక్కలు వంగవు సుమా!' అని చెప్పే వీలు ప్రోగ్రాములో ఉంచారు. వాటిని ఇంజనీర్లు రిజిడ్ జోన్ అంటారు.

సరే, తప్పు దిద్దుకున్నాం. కాని కూడలి నిజంగా అంత బండరాయిలా ఉంటుందా? అది తెలియాలంటే ఒక ఖాళీ అగ్గిపెట్టె కావాలి.

లోపలి డబ్బా తీసేయండి. పై తొడుగును బల్లమీద పక్కకు నిలబెట్టి, దాని పైఅంచును వేలితో మెల్లగా పక్కకు నెట్టండి. దీర్ఘచతురస్రం కాస్తా ఒరిగి సమాంతర చతుర్భుజమైంది, చూశారా? ఒక కర్ణం సాగింది. రెండోది కురచైంది. ఇప్పుడు డబ్బాను లోపల దూర్చి మళ్ళీ నెట్టండి. అంత తేలిగ్గా ఒరగదు. రిజిడ్ జోన్ అంటే డబ్బా దూర్చిన అగ్గిపెట్టె అనుకోండి. అసలు కూడలి ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. కాబట్టి చాలామంది ఇంజనీర్లు ఆ ముక్కను పూర్తిగా కాక, సగం మేరకే వంగనిదిగా లెక్కిస్తారు. ఈ 'సగం' అనుభవం మీద పెట్టుకున్న అంకె. నన్నడిగితే, కంప్యూటరు అచ్చువేసే జవాబులో దశాంశ స్థానాలు ఎన్ని ఉన్నా, దాని వెనక ఇలాంటి అంచనా ఒకటి ఉందని మరచిపోకూడదు.

భూకంపం వచ్చినప్పుడు ఈ ఒరుగుడే ప్రాణాంతకమవుతుంది. భవనం ఒకపక్కకు ఊగగానే కూడలిలోని పై ఊచను ఒకవైపు బీము లాగుతుంది, రెండోవైపు బీము అదే దిక్కుకు నెడుతుంది. కింది ఊచకు ఇదే అవస్థ, కాని దిక్కు వేరు. మధ్యలో చిక్కిన కాంక్రీటు అగ్గిపెట్టె తొడుగులా ఒరగక ఏం చేస్తుంది? కాంక్రీటును ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గాని, లాగితే ఓర్చుకోలేదు. లాగుడుకు తట్టుకునే బలం నొక్కుడుకు తట్టుకునే బలంలో సుమారు పదోవంతే. సాగిన కర్ణానికి అడ్డంగా పగులు తీస్తుంది. మరుక్షణం భవనం ఇటు ఊగుతుంది, రెండో కర్ణం సాగుతుంది, ఇంకో పగులు. కూడలి మీద పెద్ద గుణకారం గుర్తు!

పగిలిన కాంక్రీటు రాలిపోకుండా పట్టి ఉంచేవి పిల్లరు ఊచల చుట్టూ కట్టే రింగులు. 1999 ఆగస్టు 17న, తెల్లవారుజామున మూడు గంటలకు, టర్కీలోని ఇజ్మిత్ ప్రాంతంలో భూమి కంపించింది. నిద్రలో ఉన్నవాళ్ళతో సహా 17 వేలమందికి పైగా చనిపోయారు. శిథిలాలను పరిశీలించిన ఇంజనీర్లకు ఎన్నో కూడళ్ళలో రింగులు కనిపించలేదు. భవనాలు కూలడానికి అదొక్కటే కారణం కాదు. నాసిరకం కాంక్రీటు, మెత్తటి నేల వంటివీ ఉన్నాయి. కాని గీతలూ చుక్కలూ ఉన్న బొమ్మలో మాత్రం రింగులున్న కూడలీ, లేని కూడలీ ఒకేలా ఉంటాయి!

అందుకే పరిశోధకులు చుక్క స్థానంలో కత్తెర పెట్టారు. నవ్వకండి, దాని పేరే అది! బీము ఒక రెక్క, పిల్లరు ఒక రెక్క, నడిమి మేకు దగ్గర ఒక స్ప్రింగు. కూడలి ఒరిగినప్పుడు స్ప్రింగు మెలి తిరుగుతుంది, పగిలాక దాని బిగువు తగ్గుతుంది. ఆ బిగువు ఎంతో ప్రయోగశాల చెప్పాలి. ప్లస్ గుర్తు ఆకారంలో బీమూ పిల్లరూ పోసి, జాకీలతో అటూ ఇటూ నెట్టి, పగిలేదాకా కొలుస్తారు. న్యూజిలాండులోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ పార్క్, థామస్ పౌలే ఇలాంటి పరిశోధనలకు పేరుపొందారు. 2003లో లారా లోవ్స్, ఆరాష్ అల్టూంటాష్ ఒక్క కూడలికే 13 చిన్న భాగాలున్న నమూనా తయారుచేశారు. అందులో 8 ఊచల జారుడుకు, 4 కూడలి అంచుల దగ్గరి జారుడుకు, ఒకటి మధ్యలోని ఒరుగుడుకు. చుక్క ఎంత పెద్దదైపోయిందో చూడండి!

ప్రతి ఇంటికీ ఇంత లెక్క చేయరు. మన దేశంలో భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు 'ఐ.ఎస్. 13920' అనే ప్రమాణం 1993లో వచ్చింది. 2016లో దాన్ని సవరించినప్పుడు, కూడలిలో కలిసే పిల్లర్ల బలం మొత్తం బీముల బలానికి కనీసం 1.4 రెట్లు ఉండాలన్నారు. పిల్లరు రింగులు కూడలిలోకీ సాగాలి, వాటి కొనలను 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీటులోకి దింపాలి.

అయితే బీము ఊచలన్నీ దూర్చేశాక ఆ సందులో రింగు ఎక్కించడం మహా కష్టం. ముందే పిల్లరుకు తొడిగి ఉంచాలి. ఈసారి కొత్త భవనం దగ్గర ఆగినప్పుడు, లోపలికి వెళ్ళకుండా రోడ్డు మీదనుంచే, బీములు కలిసే మేరలో రింగులెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మర్నాటికి కాంక్రీటు పోసేస్తారు మరి!