స్వాధ్యాయం : నిత్యజీవితంలో సద్గ్రంథ పఠనం

శరన్నవరాత్రులలో మూలానక్షత్రం నాడు పుస్తకాలను పీఠంపై ఉంచి, పసుపు కుంకుమలతో అలంకరించి, సరస్వతీదేవిని అర్చించడం మన ఇండ్లలో ఆచారం. పిల్లల పాఠ్యపుస్తకాలతోపాటు పట్టువస్త్రంలో చుట్టి దాచిన రామాయణమో, భాగవతమో, భగవద్గీతయో ఆనాడు పీఠం మీదికి వస్తుంది. పూజ ముగిసిన పిమ్మట పాఠ్యపుస్తకాలు పిల్లల సంచులలోకి చేరుతాయి. పట్టువస్త్రంలోని గ్రంథం మాత్రం తిరిగి అలమరలోకి వెళ్ళి, వచ్చే ఏటి మూలానక్షత్రం కొరకు ఎదురుచూస్తుంది. గ్రంథాన్ని పూజించడం మన సంస్కృతికి శోభనిచ్చే సదాచారమే. అయితే ఆ పూజ గ్రంథాన్ని తెరవడానికి నాంది కావాలి గాని, మూసి ఉంచడానికి సాకు కారాదు. పూర్వులు మనకు విధించిన నిత్యకర్మలలో గ్రంథపఠనం కూడా ఒకటి. దానికే స్వాధ్యాయమని పేరు.

స్వాధ్యాయమనగా నేమి?

స్వాధ్యాయ శబ్దానికి పెద్దలు రెండు అర్థాలు చెబుతారు. తన వంశపరంపరగా వచ్చిన వేదశాఖను నిత్యం అధ్యయనం చేయడం మొదటి అర్థం. తన్ను తాను అధ్యయనం చేసుకొనడం రెండవ అర్థం. ఈ రెండూ వేరు వేరు పనులుగా కనిపించినా, నిజానికి ఒకే సాధనకు రెండు ముఖాలు. మహాగ్రంథాన్ని శ్రద్ధతో చదివేవాడు కొంత దూరం సాగిన తరువాత, ఆ గ్రంథంలో తన్నే చూసుకొనక తప్పదు.

గృహస్థుడు ఆచరించవలసిన పంచమహాయజ్ఞాలలో బ్రహ్మయజ్ఞమంటే స్వాధ్యాయమే. పతంజలి మహర్షి యోగసూత్రాలలో శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం అనే ఐదింటిని నియమాలుగా పేర్కొన్నాడు. భగవద్గీత 16వ అధ్యాయంలో దైవీసంపదను వర్ణించే సందర్భంలో అభయం, దానం, ఆర్జవం మొదలైన సద్గుణాల సరసన స్వాధ్యాయానికి స్థానం లభించింది.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఈ విషయాన్ని మరింత విశదంగా బోధిస్తుంది. విద్య ముగించి ఇంటికి బయలుదేరుతున్న శిష్యునికి ఆచార్యుడు సత్యం పలకమని, ధర్మం ఆచరించమని, స్వాధ్యాయంలో ఏమరుపాటు వలదని ఉపదేశిస్తాడు. ఈ ఉపదేశం చదువు పూర్తి చేసినవానికి చేసినదన్న సంగతి మనం గమనించాలి. పట్టా చేతికి రాగానే పుస్తకంతో పని తీరిపోయిందని భావించే మనకు ఇది చక్కని హెచ్చరిక. అదే వల్లిలో మరొకచోట సత్యం, తపస్సు, ఇంద్రియనిగ్రహం, అతిథిసేవ, సంతానపోషణ మున్నగు కర్తవ్యాలను ఒక్కొక్కటిగా చెబుతూ, ప్రతిదానికి వెన్నంటి స్వాధ్యాయ ప్రవచనాలను జోడించారు. సంసారబాధ్యతలు తీరిన తరువాత చదువుకుందామని వాయిదా వేయడానికి అక్కడ అవకాశమే లేదు. అతిథికి అన్నం పెట్టే చేతులతోనే, బిడ్డలను పెంచే దినాలలోనే పఠనం కూడా సాగాలని ఉపనిషత్తు ఆశయం.

నారదుని శోకం

ఎంత చదివినా మనిషి మారడం లేదే, మరి చదువు వలన ప్రయోజనమేమి? ఈ సందేహం ఎందరికో కలుగుతుంది. ఛాందోగ్యోపనిషత్తు 7వ అధ్యాయం ఈ సందేహంతోనే ప్రారంభమవుతుంది.

నారదుడు సనత్కుమారుని ఆశ్రయించి, తనకు బోధించమని వేడుకున్నాడు. నీకు తెలిసినదేదో ముందు చెప్పుమని సనత్కుమారుడు అడిగాడు. నారదుడు నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, తర్కం, నీతిశాస్త్రం, యుద్ధవిద్య, నక్షత్రవిద్య, సర్పవిద్య మొదలుకొని తాను నేర్చినవన్నీ వరుసగా వినిపించాడు. అంత విద్వాంసుడు చివరకు ఒప్పుకున్న సత్యమేమంటే, తనకు మంత్రాలు తెలుసునే గాని ఆత్మ తెలియదని, ఆత్మను ఎరిగినవాడు శోకాన్ని దాటుతాడని విన్నానని, తాను మాత్రం శోకంలోనే ఉన్నానని.

ఆ ఒప్పుకోలు విని సనత్కుమారుడు అతని చదువును నిందించలేదు. నీవు నేర్చినదంతా నామమే, ఆ నామాన్నే ఉపాసించుమని చెప్పి, అక్కడి నుండి మెట్టు మెట్టుగా వాక్కు, మనస్సు మొదలైన వాటి మీదుగా భూమా అనే అనంతతత్త్వం వరకు నడిపించాడు. చదివినది వ్యర్థం కాలేదు, మొదటి మెట్టయింది. ఆ మెట్టు మీదనే నిలిచిపోవడం వలన నారదునికి శోకం కలిగింది.

భాగవతంలో ఈ నారదుడే మరొక మహనీయుని శోకాన్ని తీర్చడానికి వస్తాడు. వేదాలను విభజించి, మహాభారతాన్ని రచించిన వ్యాసమహర్షి సరస్వతీనదీ తీరాన మనస్సులో ఏదో వెలితితో కూర్చుని ఉండగా, నారదుడు వచ్చి భగవంతుని గుణకీర్తనం చేయుమని ఉపదేశించాడు. దాని ఫలితమే భాగవతం. వ్రాసినవానికి కూడా గ్రంథం భక్తితో, అనుభవంతో కలిసినప్పుడే తృప్తి కలిగిందంటే, చదివేవారి మాట వేరే చెప్పవలసిన పని లేదు.

చదువు కూడా ఆహారమే

సనత్కుమారుని ఉపదేశం చివర ఒక అమూల్యమైన సూత్రం ఉన్నది. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుందని, దాని వలన స్మృతి స్థిరపడుతుందని, స్మృతి స్థిరపడితే హృదయగ్రంథులు విడిపోతాయని దాని సారాంశం. ఇక్కడ ఆహారమంటే నోటితో తినే అన్నమే కాదని, ఇంద్రియాల ద్వారా లోపలికి గ్రహించే శబ్దాది విషయాలన్నీ ఆహారమేనని శంకర భగవత్పాదులు తమ భాష్యంలో వివరించారు.

ఈ వ్యాఖ్యానం మన కాలానికి ఎంతో అవసరమైనది. ఉదయం లేవగానే మన కన్ను మొదట దేనిని ఆరగిస్తున్నది? చేతిలోని ఫోనులో వచ్చిపడే కలహవార్తలను, పరనిందను, నిమిషానికొకటిగా మారే దృశ్యాలను. ఏకాదశి నాడు ఉపవాసం ఉండి కడుపును శుద్ధి చేసుకునే మనం, కంటికి చెవికి పెట్టే ఆహారం విషయంలో ఏ నియమమూ పాటించడం లేదు. ఉదయం పావుగంట సద్గ్రంథాన్ని చదివినవాని మనస్సు ఆ దినమంతా ఆ రుచినే వెదుక్కుంటుంది. సద్గ్రంథ పఠనం మనస్సుకు సాత్త్వికాహారమని పెద్దలు చెప్పడంలోని ఆంతర్యమిదే.

ఒక్క మాట పట్టుకున్నవాడు

గ్రంథం మనిషిని ఏ విధంగా మారుస్తుందో తెలుసుకొనడానికి గాంధీజీ తన ఆత్మకథలో వ్రాసుకున్న ఉదంతం చక్కని నిదర్శనం. ఆయన భగవద్గీతను మొదటిసారి లండనులో చదువుకునే రోజులలో, ఇద్దరు మిత్రుల ప్రోత్సాహంతో, ఎడ్విన్ ఆర్నాల్డ్ ఆంగ్లానువాదంలో చదివారు. తమ దేశపు గ్రంథాన్ని అంతవరకు సంస్కృతంలో గాని, మాతృభాషలో గాని చదవనందుకు సిగ్గుపడ్డారు.

తరువాత దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా తీరికలేకుండా ఉన్న దినాలలో గీతను కంఠస్థం చేయాలని సంకల్పించారు. సమయం ఎక్కడ? ఉదయం దంతధావనానికి 15 నిమిషాలు, స్నానానికి 20 నిమిషాలు పట్టేవి. శ్లోకాలు వ్రాసిన కాగితపు ముక్కలను ఎదుటి గోడకు అతికించి, పళ్ళు తోముకుంటూ వాటిని నేర్చుకున్నారు. అంతకుముందు నేర్చుకున్న వాటిని స్నానవేళ వల్లెవేసుకునేవారు. ఈ విధంగా 13 అధ్యాయాలు కంఠస్థమయ్యాయి.

ఆ పఠనంలో అపరిగ్రహం, సమభావం అనే రెండు మాటలు ఆయనను పట్టుకున్నాయి. అర్థం తెలియని మాటకు నిఘంటువును తెరిచినట్లు, నడవడిలో చిక్కు వచ్చినప్పుడల్లా ఆయన గీతను ఆశ్రయించసాగారు. అపరిగ్రహమంటే తనకు ఏమిటని ప్రశ్నించుకుని, అదివరలో తీసుకున్న జీవితబీమాను వదులుకున్నారు. ఇకమీదట తాను మిగిల్చేది సమాజసేవకే వినియోగమవుతుందని అన్నగారికి లేఖ వ్రాశారు. అన్నగారు దానికి నొచ్చుకున్నారు. సోదరుల మధ్య చాలాకాలం ఎడబాటు కలిగింది. చదివిన మాటను ఆచరణలో పెట్టినవారు మూల్యం చెల్లించవలసి వస్తుందని కూడా ఈ ఉదంతం చెబుతున్నది. గాంధీజీ చేసినదే అందరూ చేయాలని కాదు. 700 శ్లోకాలలో రెండు మాటలను నిజంగా పట్టుకుంటే జీవితం ఏ మలుపు తిరుగుతుందో తెలుసుకుంటే చాలు.

ఏది మహాగ్రంథం?

వయస్సు పెరిగిన కొద్దీ తానూ పెరిగేది మహాగ్రంథం. బాల్యంలో రామాయణం చదివితే సముద్రాన్ని లంఘించిన హనుమంతుడు, వారధి కట్టిన వానరులు మనస్సును హరిస్తారు. యౌవనంలో చదివితే సీతారాముల అనురాగం, అన్నదమ్ముల సౌభ్రాత్రం హృదయాన్ని తాకుతాయి. బిడ్డలు గల తండ్రి చదివినప్పుడు, ఇచ్చిన మాటకు పుత్రప్రేమకు నడుమ నలిగిన దశరథుని వేదన కంటనీరు తెప్పిస్తుంది. ఆస్తి పంచుకునే వేళ వచ్చినవాడు చదివితే, చేతికి వచ్చిన రాజ్యాన్ని కాదని పాదుకలను తలకెత్తుకున్న భరతుడు ఎదుట నిలిచి ప్రశ్నిస్తాడు. గ్రంథంలోని అక్షరం మారలేదు. చదివేవాని జీవితం మారినందున అర్థం లోతెక్కింది. కనుక చిన్ననాడు కథ తెలుసుకున్నామని పుస్తకాన్ని పక్కన పెట్టరాదు.

తెలుగువారికి ఈ విషయంలో లోటు లేదు. రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ ఆరంభించిన భారతాంధ్రీకరణం తిక్కన, ఎఱ్ఱనల చేతుల మీదుగా సంపూర్ణమైంది. పోతన భాగవతాన్ని తెనిగించి శ్రీరామునికి అంకితమిచ్చాడు. సంస్కృతం రాదన్న విచారం ఉన్నవారికి ఈ మహాకవులు మార్గం ఏర్పరచిపోయారు. పద్యం కఠినమనిపిస్తే తాత్పర్యంతో కూడిన ముద్రణలు ఉన్నాయి. చదువురానివారు కూడా పూర్వం రచ్చబండ వద్ద, ఇంటి అరుగులపై పురాణకాలక్షేపం వింటూ భారత కథలన్నీ ఆకళించుకున్నారు. వినడం కూడా స్వాధ్యాయంలో భాగమే.

చదవవలసిన తీరు

అర్థం తెలియకుండా చేసే పారాయణకు ఫలం లేదా అని కొందరు అడుగుతారు. భక్తితో పలికిన నామానికి ఫలం ఉండనే ఉన్నది. నాలుకకు అది మంచి అలవాటు. అయితే అక్కడే ఆగిపోరాదు. వేదం నేర్చి అర్థం ఎరుగనివాడు బరువు మోసే స్తంభం వంటివాడన్న ప్రాచీనవాక్యాన్ని యాస్కుడు నిరుక్తంలో ఉదహరించాడు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణం, మననం, నిదిధ్యాసనం అనే క్రమాన్ని బోధించాడు. దీనినే మన పఠనానికి అన్వయించుకొనవచ్చు.

ముందుగా ఒక గ్రంథాన్ని, ఒక వేళను నిర్ణయించుకోవాలి. దీపారాధన ముగిసిన వెంటనే చదివితే మరచిపోయే ప్రమాదం ఉండదు. దినానికి 2 శ్లోకాలు తాత్పర్యంతో చదివినా, ఏడాది తిరగకుండానే గీత పూర్తవుతుంది. సుందరకాండలోని 68 సర్గలను దినానికొకటి చొప్పున చదివితే రెండు నెలలకు కాస్త పైగా పడుతుంది. వేగం కంటె నియమం ముఖ్యం. ఇంటిల్లిపాదీ వినేటట్లు పైకి చదవడం మరింత మేలు. పిల్లలు అడిగే ప్రశ్నలు పెద్దల మననానికి తోడ్పడతాయి. చదివినదానిలో ఒక్క మాటను ఎంచుకుని, ఆ దినమంతా దానిని వెంట ఉంచుకోవాలి. రాత్రి పడుకునే ముందు, ఆ మాట తన నడవడిలో ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అని చూసుకోవాలి. రెండవ అర్థంలోని స్వాధ్యాయం అక్కడ మొదలవుతుంది.

పఠనం ఫలిస్తున్నదా లేదా అని తెలుసుకునే గుర్తును కూడా గీతయే ఇచ్చింది. 17వ అధ్యాయంలో వాఙ్మయ తపస్సును నిర్వచిస్తూ, ఎదుటివారిని నొప్పించని, సత్యమైన, ప్రియమైన, హితమైన మాటతోపాటు స్వాధ్యాయాభ్యాసాన్ని ఒకే శ్లోకంలో చేర్చింది. పారాయణ చేస్తుండగా కాఫీ తెచ్చి పలకరించిన కోడలిపైనో, ఆడుకుంటూ వచ్చిన మనుమనిపైనో కసురుకున్నామనుకుందాం. అప్పుడు తపస్సులో ఒక సగాన్ని చేస్తూ రెండవ సగాన్ని మనమే భగ్నం చేసుకున్నవారమవుతాము. మన మాట ఇంటివారికి మునుపటి కంటె చల్లగా తోస్తే, పఠనం ఫలిస్తున్నదని నమ్మవచ్చు.

పరీక్షిన్మహారాజుకు మిగిలినవి 7 దినాలు. ఆ గడువు తెలిసినందున ఆయన ఒక్క క్షణం వృథా చేయక గంగాతీరాన కూర్చుని శుకమహర్షి వలన భాగవతం విన్నాడు. మనకు మిగిలిన దినాలెన్నో మనకు తెలియదు. అయితే అవి కూడా వారంలోని ఆ 7 దినాలలో ఏదో ఒకటిగానే వస్తాయి. కనుక ఈ మాసంలో ఒక మంచి ఉదయాన పట్టువస్త్రాన్ని విప్పి, గ్రంథాన్ని కన్నులకద్దుకుని, మొదటి పుట తెరుద్దాం. చదివిన మాట నడవడిగా మారే బుద్ధిని ప్రసాదించమని వాగ్దేవిని ప్రార్థిద్దాం.